ఉప్పు మేడలో మేకలు లేవు

పాత వారపత్రికల్లోంచి చింపిన సీరియల్ కాగితాలను కుట్టడం బైండింగు పనిలో అన్నిటికంటే కష్టం. వాటికి అంచు తక్కువ. సూది కొంచెం లోపలికి దిగితే అక్షరాలు మడతలో పడిపోతాయి. కొంచెం బయటికి జరిగితే నాలుగు రోజుల్లో కాగితం చిరిగి చేతికొస్తుంది. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులోని బాలనర్సయ్య షాపులో ఆ పని విజయ చేతికే వచ్చేది. ఒకప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు నచ్చిన సీరియల్ పేజీలను వారం వారం చింపి, బట్టల కిందో బీరువా మీదో దాచి, కథ అయిపోయాక బైండు చేయించుకునేవారు. ఇచ్చిపోయినవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. అట్లా మిగిలిన కట్టలు షాపు అటక మీద దుమ్ము పట్టి ఉండేవి. విజయ ఒక్కొక్కటీ దించి, కుట్టి, ఇంటికి తీసుకుపోయి చదివేది. అందులో దయ్యాల కథలే ముందు ఏరుకునేది.

ఆమెది గార్ల అవతల తండా. ఇంటర్ సగంలో ఆపేసింది. భర్త ప్రేమ్‌సింగ్ హైదరాబాద్‌లో సెంట్రింగు పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. దయ్యాల కథలే ఎందుకని బాలనర్సయ్య ఒకసారి నవ్వుతూ అడిగితే, వాటిలో మోసం చెల్లదని చెప్పింది. భయం పుట్టిందో లేదో చదివినవాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది, గొప్ప మాటలు ఎన్ని రాసినా లాభం లేదు. కుట్టు నిలిచిందో లేదో లాగి చూస్తే తెలిసినట్టే.

షాపు పక్కనే నెట్ సెంటర్. పిల్లల ప్రాజెక్టు కాగితాలు అక్కడ ప్రింటై ఇక్కడ బైండయ్యేవి. ఆ రాకపోకల్లో నెట్ సెంటర్ యజమాని ఆమెకు ఒక సైటు చూపించాడు. చదివిన పుస్తకాలు అందులో రాసుకోవచ్చు. చదివినవి ఒక అర, చదువుతున్నవి ఒక అర, చదవాల్సినవి ఒక అర. నచ్చినదాన్ని బట్టి చుక్కలు పెట్టవచ్చు. ఆ సైటులోనే తెలుగు దయ్యాల నవలలు చదివేవాళ్ల గుంపు ఒకటుంది, పేరు ‘అర్ధరాత్రి అలమర’. ఏది చదవాలో ఒకరికొకరు చెప్పుకుంటారు. విజయ మొదట ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టింది, తర్వాత తెలుగులోనే కొట్టడం నేర్చుకుంది. ఆమె రాసేది పొట్టిగా ఉండేది. ‘బావిలో చెయ్యి కనపడేదాకా బాగుంది. తర్వాత రాసినాయనకు ఓపిక అయిపోయింది.’ అంతే. గుంపులో ఆ పొట్టి మాటలకు గిరాకీ పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు విజయ అరలు చూసి గాని పుస్తకం వెతుక్కునేవారు కాదు.

తండాలో మాట్లాడేది లంబాడీ, పుస్తకాల్లో ఉండేది తెలుగు. పెద్ద ఆడవాళ్లకు చదువు రాదు. సాయంత్రం కరెంటు పోయిన వేళ విజయ అరుగు మీద కూర్చుని, చదివిన కథను తమ భాషలో చెప్పేది. పనులు ముగించుకుని పదిమంది చేరేవారు. ఆ ఏడు వానాకాలం పోతుండగా తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిల్లో పని నిలిచిపోయిందని, కరెంటు ఇంకా తగ్గుతుందని అన్నారు. తగ్గింది. చీకటి పెరిగింది, దాంతో అరుగు మీద జనం కూడా పెరిగారు.

ఆ రోజుల్లోనే అటక మీది కట్టల్లో ‘ఉప్పు మేడ’ దొరికింది. సముద్రం ఒడ్డున ఒక మేడ. అందులో పిల్లుల్ని పెంచుకుంటూ ఒంటరిగా ఉండే ముసలి జమీందారిణి. ఊరి పిల్లల్ని పిలిచి షర్బత్ ఇస్తుంది. తాగిన పిల్లలు రోజురోజుకూ పసుపు పచ్చగా మారి వాడిపోతారు. సీరియల్ మంచి పట్టుగా నడిచింది, కానీ కట్టలో చివరి వారాలు లేవు.

తండాలో చెప్పేటప్పుడు విజయకు ఒక చిక్కు వచ్చింది. సముద్రం అంటే ఎవరూ చూడలేదు, ఆమె కూడా చూడలేదు. మేడ అంటే ఎవరికీ భయం లేదు. కాబట్టి మేడను తండా చివరి గుడిసె చేసింది. పిల్లుల్ని మేకలు చేసింది. గాజు సీసాలోని షర్బత్‌ను చెంబులో పాలు చేసింది. ముసలామెకు ఒక కంటిలో తెల్లటి పువ్వు పెట్టింది. పేరు మాత్రం పెట్టలేదు. పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. తండా చివర గుడిసెలో మేకలు కాచుకుంటూ, ఒక కన్ను తెల్లబడి, దగ్గు వచ్చిన పిల్లలకు చెంబుతో మేకపాలు పట్టే ముసలామె ఒక్కతే ఉంది. ఆమె ద్వాళి.

ఆ సాయంత్రం ఆడవాళ్లు ఇళ్లకు ఒంటరిగా పోలేక గుంపుగా పోయారు. విజయ మర్నాడు ఆ సంగతి అలమరలో రాసింది, తాను ఏమేం మార్చిందో కూడా రాసింది. అంతకుముందు ఎప్పుడూ రానంత మెప్పు వచ్చింది. కాకినాడలో ఉండే అరుంధతి అనే ఆవిడ, ‘చెప్పడమంటే ఇదీ’ అని రాసింది. ఇంకొకాయన, మిగతాది ఎట్లా మారుస్తారో చూడాలని ఉందన్నాడు. విజయ ఆ సాయంత్రం మేకల మెడలో గంటలు కూడా పెట్టింది.

కట్టలో ఉన్నంతవరకు చెప్పి కథ ఆపిన వారానికి అమర్‌సింగ్ కూతురు దీపకు జ్వరం వచ్చింది. నాలుగేళ్ల పిల్ల. ముందు గార్లలో సూది వేయించారు, తగ్గలేదు. కళ్లు పచ్చబడ్డాయి. తండాలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మాట పాకడానికి ఆ పచ్చదనం చాలు. దగ్గుకని మొన్ననే ద్వాళి పిల్లకు పాలు పట్టిందని నాయనమ్మ గంగికి గుర్తొచ్చింది. బస్సులు లేవు కాబట్టి అమర్‌సింగ్ ఆటో మాట్లాడుకుని పిల్లనూ తల్లినీ మహబూబాబాద్ దవాఖానలో దించి, తిరిగొచ్చి, తండా పెద్ద భద్రు నాయక్ ఇంటి ముందు నిలబడ్డాడు. పంచాయితీ పెట్టాలన్నాడు. ద్వాళిని తండా దాటించాలన్నాడు. అతని వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో, దాటించడం ఎందుకు, పళ్లు ఊడగొడితే మంత్రం పలకదు కదా అన్నారు. ఆ మాట విజయ చెవిన పడింది. 

విజయ నేరుగా గంగి దగ్గరికి పోయింది. ఆ గుడిసె, మేకలు, పాలు అన్నీ తానే కల్పించానని, పుస్తకంలో లేవని, ద్వాళికి ఏ పాపం తెలియదని చెప్పింది. గంగి వింటూ వింటూ చాటలో బియ్యం ఏరడం ఆపలేదు.

“నువ్వు కల్పించలే బిడ్డ,” అంది చివరికి. “నీకు తెల్వకుండనే నీ నోట్ల వచ్చింది. గసొంటివి గట్లనే బయటపడ్తయి. నువ్వు చెప్పినంకనే గద పిల్ల పచ్చవడ్డది.”

 తన మాటకు తండాలో విలువ లేదు, పుస్తకం మాటకు ఉందని విజయకు అర్థమైంది. పుస్తకంలో ఉందని అందరూ అనుకున్నదే ఇప్పుడు తండాలో నడుస్తోంది. అయితే కథ ముగియలేదు. ముగింపులో ఆ ముసలామె మంచిదే అని తేలితే? అట్లాంటి కథలు ఆమె చాలా చదివింది. అందరూ అనుమానించినామె చివరికి పిల్లల్ని కాపాడినదై ఉంటుంది. ఆ ముగింపు తెచ్చి చదివితే చాలనుకుంది. పంచాయితీ వచ్చే గురువారం అని భద్రు నాయక్ చెప్పి ఉన్నాడు.

మర్నాడు రైలు రోకో. పట్టాల మీద జనం కూర్చున్నారు. విజయ కొంత దూరం ఆటోలో, కొంత నడిచి మహబూబాబాద్ చేరింది. నెట్ సెంటర్‌లో కరెంటు వచ్చేదాకా కూర్చుని, అలమరలో రాసింది. ‘ఉప్పు మేడ చివరి భాగాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? చాలా అవసరం.’

అలమరలో ఆ వారం పుస్తకాల ముచ్చట తక్కువ, రాష్ట్రం గొడవ ఎక్కువ. ఆమె ప్రశ్న కింద మొదటి జవాబు, మీ యాసలో చెబితే దయ్యమైనా నవ్వి చస్తుంది, ముగింపుతో పనేముంది అని. దాని కింద హైదరాబాద్ అతను ఒకడు తిట్టాడు. ఆ కింద తిట్లకు తిట్లు. అన్నిటి కిందా అరుంధతి జవాబు ఉంది. తన తల్లి బైండు చేయించుకున్న పుస్తకం ఇంట్లో ఉందని, వెతికి పంపుతానని. ‘గొడవలు గొడవలే గానీ, కథ మధ్యలో వదిలేస్తే ప్రాణం ఊరుకోదు కదమ్మా’ అని రాసింది. ఆ అవసరం ఎంతటిదో ఆవిడకు తెలియదు. విజయ కూడా చెప్పలేదు.

సోమవారం పేజీల ఫొటోలు వచ్చాయి. విజయ ప్రింటు తీయించుకుని షాపు గడపలో నిలబడే చదివింది. ఊరివాళ్లు మేడకు నిప్పు పెడతారు. ముసలామె లోపలే ఉంటుంది. తెల్లారేసరికి పిల్లలందరి ముఖాల్లోకి రక్తం వస్తుంది. అంతే కథ. ఆమె మంచిది కాదు. రాసినాయన ఆమెకు ఒక్క మంచి మాట కూడా ఇవ్వలేదు.

విజయ ముఖం చూసి బాలనర్సయ్య పని ఆపాడు. ఆయనది జనగామ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల కిందట పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ షాపు పెట్టాడు. విజయ మొత్తం చెప్పింది.  ఆయన, తమ పల్లెలో కూడా ఒకామెను అట్లాగే అన్నారని, ఆమె చాకలి బావిలో దూకిందని, అప్పుడు తనకు పెళ్లీడని, దూరంగా నిలబడి చూశానని చెప్పాడు.

ముగింపు మార్చి చెబుతానంది విజయ. ముసలామె మంచిదని తేలినట్టు చెప్తానంది.

“మారిస్తే పట్టుకుంటరు బిడ్డ,” అన్నాడు ఆయన. “నడుమ తెగిన దారానికి ముడేస్తే ఆడనే ఉబ్బుతది. నువ్వు అతికిచ్చినయి ఏమేమున్నయో గవన్ని ఊడబీకు. ఆయన రాసిందే ఆయన రాసినట్టు చెప్పు.”

“మంచిగుండదు బాపు. సముద్రం, మేడ, మోటరు కారు. ఎవ్వలికి అర్థంగాదు.”

“మంచిగ లేకుంటేనే మంచిది గద.”

విజయకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఆమె పదిమందిని వణికించిన కథ అది. అంత బాగా ఇంతకుముందు ఏదీ చెప్పలేదు. దాన్ని తన చేత్తోనే పాడు చేయాలి. ఎట్లా పాడు చేయాలో కూడా ఆమెకే బాగా తెలుసు.

మొట్టమొదట చీకటి తీసేసింది. బుధవారం మిట్ట మధ్యాహ్నం, గంగి ఇంటి ముందు ఆడవాళ్లు మక్క కంకులు ఒలుస్తున్న వేళ పోయి కూర్చుంది. ఉప్పు మేడ ముగింపు దొరికిందని, చెప్తానని అంది. గంగి అనుమానంగా చూసింది. విజయ పాత కట్టనూ కొత్త కాగితాలనూ తీసి, గార్ల నుంచి వచ్చే అంగన్‌వాడీ టీచరు సత్తెమ్మ ఒళ్లో పెట్టింది. తాను చెబుతుంటే సరిగ్గా ఉందో లేదో ఆమెనే చూడమంది. సత్తెమ్మ తండా మనిషి కాదు, అయినా లంబాడీ అర్థమవుతుంది, చదువుకున్న మనిషి, ఎవరి వైపూ లేదు.

విజయ మొదటి నుంచి మొదలుపెట్టింది. గొంతు తగ్గించలేదు, పెంచలేదు. సముద్రం అంది. సరుగుడు చెట్లు అంది. పాలరాతి మెట్లు అంది. జమీందారిణి పట్టుచీర, ముత్యాల గొలుసు, డ్రైవరు టోపీ, ఒక్కటీ వదలకుండా పుస్తకంలో ఉన్న వరుసలోనే చెప్పింది. సముద్రం మన చెరువంత ఉంటుందా అని ఒకామె అడిగింది. ఏమో, నేను చూడలేదు అంది విజయ. ఇంకొకామె కంకి ఒలవడంలో పడిపోయింది.

అప్పుడే ద్వాళి వచ్చింది. మేకల్ని తుమ్మ చెట్ల దగ్గర వదిలి, ఆడవాళ్లకు కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. చేతులు మాత్రం ఆగాయి.  ఆపితే భయం మళ్లీ లేస్తుందని, విజయ ఆపకుండా చెప్పుకుంటూ పోయింది.

గంగికి ఓపిక పోయింది. “మేకలేవి?” అంది.

“మేకలు లేవు. పిల్లులు,” అంది విజయ.

“మరి కన్ను?”

“రెండు కండ్లు మంచిగనే ఉన్నయి. కండ్లద్దాలు పెట్టుకుంటది.”

“పాలు పోసింది గద చెంబుల.”

“షర్బత్. గాజు సీసల.”

గంగి సత్తెమ్మ వైపు తిరిగింది. సత్తెమ్మ వేలితో వెతికి, షర్బత్ అనే ఉందని, మేకల మాటే లేదని చెప్పింది. విజయ చివరికి వచ్చింది. మేడ తగలబడింది, ముసలామె కాలిపోయింది అని, సంతలో ధర చెప్పినట్టు చెప్పేసింది.  ఎక్కడో సముద్రం ఒడ్డున, పట్టుచీర కట్టుకున్న ఎవరో దొరసాని. ఒకామె ఆవలించింది. మొన్న చెప్పిందే బాగుందని, ఇదేం కథ అని ఇంకొకామె గొణిగింది. ఒలిచిన మక్కలు ఎత్తుకుని ఒక్కొక్కరే లేచారు.

ద్వాళి చివరిదాకా కూర్చుంది. అందరూ పోయాక విజయ ఆమె దగ్గరికి పోయింది. తండాలో పెద్దామెను అమ్మా అన్నట్టుగా యాడీ అంటారు. యాడీ అని పిలిచి ఎదురుగా కూర్చుంది.

“ఇయ్యాల ఏం చెప్పినవే, నిద్రొచ్చింది,” అంది ద్వాళి. “నా మీదైతే మస్తు చెప్పినవంట.”

విజయ తల దించుకుంది. తప్పయిందని మెల్లగా అంది. ద్వాళి ఆ మాట పట్టించుకోలేదు. కాటారంలో ఉన్న కూతురు వచ్చేయమంటోందని, బస్సులుంటే పోయేదాన్నేమో అని అంది. “పోతే గవన్ని నిజమైతయి. పోను,” అంది. లేచి మేకల దిక్కు నడిచింది.

గురువారం పంచాయితీలో అమర్‌సింగ్ గట్టిగానే అడిగాడు. భద్రు నాయక్ గంగిని పిలిచి, పుస్తకంలో ఏముందట అని అడిగాడు. గంగి మొదలుపెట్టి, సముద్రం దగ్గర ఆగిపోయింది. అది వేరే దేశం ముచ్చట లాగుంది అంది. మరి పిల్ల అని అమర్‌సింగ్ అరిచాడు. దవాఖానలో కామెర్లని చెప్పారు కదా, పిల్ల ఇంటికి వచ్చాక చూద్దాం అన్నాడు నాయక్. ఆ చూద్దాం ఎప్పటికి తెగుతుందో ఎవరికీ తెలియదు. పళ్లు ఊడగొట్టాలన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. దీప నెమ్మదిగా కోలుకుని ఇంటికొచ్చింది. ద్వాళి తండాలోనే ఉంది. దగ్గు వచ్చిన పిల్లల్ని మాత్రం ఎవరూ ఆమె దగ్గరికి పంపలేదు.

సమ్మె ఆగి బస్సులు తిరిగాక విజయ నెట్ సెంటర్‌లో కూర్చుంది. తండాకు ముగింపు నచ్చిందా అని అరుంధతి అడిగి ఉంది. నచ్చలేదని రాసింది. తర్వాత తన పాత రాత తీసేద్దామని వెతికింది. దాన్ని చాలామంది తమ పేజీల్లో పెట్టుకున్నారు. మీ ఊళ్లో మీరూ ఇట్లా చెప్పి చూడండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. కింద ఒకాయన రాశాడు: ‘మేడమ్ గారి పద్ధతిలో మా పిల్లలకు చెప్పాను. మా వీధి చివర ఒంటరిగా ఉండే మామ్మగారిని పెట్టాను. సూపర్ హిట్!’

విజయ ఆయనకు విడిగా రాసింది. అది మానేయండి, మా దగ్గర అట్లా చెబితే ఒకామె ప్రాణం మీదికొచ్చింది అని. కథే కదండీ అని జవాబు వచ్చింది.

మీ పిల్లలు ఇప్పుడు ఆ మామ్మగారి ఇంటికి పోతున్నారా అని అడిగింది.

కొంతసేపటికి జవాబు వచ్చింది. ‘లేదండీ, వాళ్లే కాదు, వీధిలో పిల్లలెవరూ వెళ్లట్లేదు. అంత బాగా పనిచేసింది మీ కథ.’

బాలనర్సయ్య పక్క షాపులోంచి పిలుస్తున్నాడు, స్కూలు పుస్తకాల కట్ట వచ్చిందని. వస్తున్నానని చెప్పి విజయ కుర్చీ ముందుకు జరుపుకుంది. ద్వాళి సంగతి నోటితోనే చెప్పాలని, మామ్మగారి కథ చెప్పినాయనను ఫోన్ నంబరు అడుగుతూ రాయడం మొదలుపెట్టింది.